డొనోరా నుంచి నయాగరా దాకా

శనివారం, డొనోరా

"అక్కా, అమెరికా వచ్చినవాళ్లు గ్రాండ్ కాన్యన్ అంటారు, డిస్నీ అంటారు. పొగ మ్యూజియం చూస్తానన్నవాళ్లని నేనెక్కడా చూళ్లేదు." పిట్స్‌బర్గ్‌లో కారెక్కినప్పటి నుంచీ తమ్ముడిది ఇదే గొడవ. అయినా తీసుకెళ్లాడు. అక్టోబరు చివరి వారం, మొనంగహీలా నది పక్కనే దక్షిణంగా ప్రయాణం. కొండల మీద చెట్లన్నీ ఎర్రగా, పసుప్పచ్చగా మారిపోయి ఉన్నాయి. వాటిని చూస్తూ కాసేపు సణగడం మానేశాడు.

ఈ దేశంలో పర్యావరణం కథ ఎవరు చెప్పినా 1872 నాటి ఎల్లోస్టోన్ పార్కుతోనో, 1892లో జాన్ మ్యూర్ ప్రకృతి రక్షణ కోసం పెట్టిన సియెర్రా క్లబ్బుతోనో మొదలుపెడతారు. అది గొప్ప కథే, కాదనను. కానీ పీల్చే గాలికీ తాగే నీటికీ చట్టాలు రావడానికి కారణమైనవి మిల్లు ఊళ్లు. వాటిలో మొదటిది డొనోరా. అందుకే నా పట్టు.

ఇప్పుడు ఈ ఊళ్లో ఐదు వేల మంది కూడా లేరు. మెకీన్ అవెన్యూలో సగం షాపుల షట్టర్లు దించేసి ఉన్నాయి. మ్యూజియం కూడా ఒక పాత దుకాణంలోనే. ఊరి చరిత్ర సంఘం వాళ్లు జీతం లేకుండా నడుపుతున్నారు. "స్వచ్ఛమైన గాలి ఇక్కడే మొదలైంది" అని బోర్డు పెట్టుకున్నారు. లోపల నన్ను ఆపేసింది ఒక నలుపు తెలుపు ఫొటో. పట్టపగలు తీసింది. అందులో వీధి దీపాలు వెలుగుతున్నాయి, కార్లకి హెడ్‌లైట్లు ఉన్నాయి, మనుషుల జాడ మాత్రం సరిగ్గా కనిపించదు.

1948లో ఈ ఊరి జనాభా 14,000. నది ఒడ్డు పొడుగునా యు.ఎస్. స్టీల్ వాళ్ల వైరు మిల్లు, జింకు ఫ్యాక్టరీ. జింకు కొలిమి నుంచి గంధకం పొగ, ఫ్లోరైడు రోజూ వచ్చేవే. ఎదురు ఒడ్డున వెబ్‌స్టర్ గ్రామంలో గడ్డి కూడా మొలిచేది కాదట. ఆ అక్టోబరు చివర్లో చల్లగాలి కింద చిక్కుకుపోయి, దాని మీద వేడిగాలి పొర పరుచుకుంది. చుట్టూ కొండలు, పైన ఆ పొర. మూత పెట్టిన గిన్నెలో పొగ పట్టేసినట్టు అయింది. మామూలుగా రెండు మూడు గంటల్లో విడిపోవాల్సిన పొగమంచు ఐదు రోజులు కదల్లేదు.

జనం మొదట పట్టించుకోలేదు, పొగ వాళ్లకి కొత్త కాదు కదా. శుక్రవారం రాత్రి హాలోవీన్ ఊరేగింపు జరిగింది, నడిచేవాళ్లు నీడల్లా కనబడ్డారు. శనివారం తెల్లవారుజామున మొదటి ప్రాణం పోయింది. ఆ మధ్యాహ్నం హైస్కూలు ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆపలేదు. బంతి ఎటు పోతోందో ఆడేవాళ్లకే తెలియలేదు. ఆట మధ్యలో మైకులో ఒక కుర్రాణ్ని ఇంటికి రమ్మని పిలిచారు. వెళ్లేసరికి తండ్రి లేడు. ఫైరింజను వాళ్లు ఆక్సిజన్ సిలిండర్లు మోసుకుంటూ, కంచెలు తడుముకుంటూ ఇంటింటికీ తిరిగారు. ఒక్కొక్కరికి నాలుగు పీల్పులు ఇచ్చి పక్కింటికి పోవాలి, అందరికీ చాలవు మరి. ఆదివారం పొద్దున గాని జింకు కొలుములు చల్లార్చలేదు. ఆ తర్వాత వాన పడింది. 20 మంది పోయారు, దాదాపు 6,000 మంది జబ్బుపడ్డారు.

కంపెనీ దీన్ని దైవఘటన అంది. దావాలు 1951లో సుమారు 2,35,000 డాలర్లకి రాజీ అయిపోయాయి, తప్పు ఒప్పుకోకుండానే. గాలి కాలుష్యం మీద కేంద్రం మొదటి చట్టం 1955లో వచ్చింది, అదీ పరిశోధనకి డబ్బులివ్వడానికే. కోరలున్న చట్టం రావడానికి 1970 దాకా పట్టింది. ఇరవై రెండేళ్లు! జింకు ఫ్యాక్టరీ మాత్రం 1957లోనే మూసేశారు. ఊరు గాలి పీల్చుకుంది, ఉద్యోగాలు పోగొట్టుకుంది. మ్యూజియంలో ఉన్న పెద్దాయన ఈ రెండో సంగతి దగ్గర ఎక్కువసేపు ఆగారు.

పక్క గోడ అంతా బేస్‌బాల్. స్టాన్ మ్యూజియల్ అనే మహా ఆటగాడిది ఈ ఊరే. ఆ పొగకి జబ్బుపడ్డ అతని తండ్రిని సెయింట్ లూయిస్ తీసుకెళ్తే ఆ డిసెంబరులోనే పోయాడు. తమ్ముడు ఆ గోడ దగ్గరే నిలబడిపోయాడు. మాది విశాఖ. కొండల మధ్య ఊరు, అందులో చిమ్నీలు అంటే మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ గ్యాసు వదిలినప్పుడు, రోడ్ల మీద పడిపోయిన మనుషుల్ని ఫోన్లలో చూశాం. కారెక్కాక వాడే ఆ మాట ఎత్తాడు.

ఆదివారం, స్ప్రింగ్‌డేల్

పొద్దున్నే పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి. 1970ల్లో కొండ మీద కట్టిన ఈ గుడికి అమెరికా తూర్పు వైపు తెలుగువాళ్లలో రానివాళ్లు తక్కువ. కింద క్యాంటీన్‌లో పులిహోర, పెరుగన్నం కట్టించుకుని బయల్దేరాం. స్ప్రింగ్‌డేల్ అక్కణ్నుంచి దగ్గరే, అల్లెగెనీ నది ఒడ్డున.

పురుగుమందుల ప్రమాదం గురించి లోకానికి చెప్పిన రచయిత్రి రేచల్ కార్సన్ 1907 మే 27న పుట్టిన ఇల్లు అక్కడుంది. చిన్నది, మొదట్లో నాలుగే గదులు. ముందుగా మాట్లాడుకుని రాలేదు కాబట్టి బయటి నుంచే చూశాం. అప్పట్లో ఇంటి చుట్టూ 65 ఎకరాలు. వాళ్లమ్మ ఆ పొలాల్లో తిప్పి పిట్టల పేర్లు నేర్పింది. ఊళ్లోనేమో గుర్రాల్ని చంపి జిగురు తీసే ఫ్యాక్టరీ కంపు. నది ఒడ్డున బొగ్గు కరెంటు ప్లాంటు ఒకటి ఉండేది, చెస్విక్ అని. 2022లో మూసేసి, మరుసటేడు చిమ్నీలు పేల్చి కూల్చారు. అడవి బొమ్మలా ఉండే ఊరు ఊహించుకుని వస్తే ఇక్కడ నిరాశే.

కాలేజీ ఫీజు బాకీపడి, ఇక్కడి రెండు ప్లాట్లు కాలేజీకే హామీగా రాసిచ్చిందట కార్సన్. చదువుకోసం పొలం కుదువపెట్టే కథ మనకే ఉందనుకుంటాం. తర్వాత జాన్స్ హాప్కిన్స్‌లో జంతుశాస్త్రం, ఆ తర్వాత చేపల శాఖలో సర్కారీ ఉద్యోగం. సముద్రం మీద పుస్తకాలు రాసి పేరు తెచ్చుకుని ఉద్యోగం మానేసింది. 1962లో పురుగుమందుల మీద రాసిన "సైలెంట్ స్ప్రింగ్" వచ్చింది.

అందులో నాకు ఎప్పటికీ మరపురానిది మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్ సంగతి. ఎల్మ్ చెట్లకి తెగులు వచ్చిందని డీడీటీ కొట్టారు. ఆకులు రాలాయి. ఆ ఆకుల్ని వానపాములు తిన్నాయి. మరుసటి వసంతంలో వచ్చిన రాబిన్ పిట్టలు ఆ వానపాముల్ని తిని, గడ్డి మీద గిలగిల కొట్టుకుని చచ్చాయి. మందు కొట్టినవాడికీ పిట్టకీ మధ్య ఏడాది కాలం, ఒక ఆకు, ఒక పురుగు ఉన్నాయి. ఆ దారిని మామూలు మనిషికి అర్థమయ్యేలా గీసి చూపించడమే ఆవిడ చేసిన పని.

రసాయన కంపెనీలు ఊరుకోలేదు. పెళ్లికాని ఆడమనిషికి పిట్టల బాధ ఎందుకన్నారు, శాస్త్రం తెలియదన్నారు, దావా వేస్తామన్నారు. 1963 మేలో అధ్యక్షుడి శాస్త్ర సలహా సంఘం ఆవిడ చెప్పింది మూలంలో నిజమేనంది. జూన్‌లో సెనేట్ కమిటీ ముందు సాక్ష్యమిచ్చేటప్పటికి ఆవిడకి రొమ్ము క్యాన్సర్ ముదిరిపోయింది, రేడియేషన్ నడుస్తోంది, తల మీద విగ్గు. ఆ సంగతి బయటికి రానివ్వలేదు. తెలిస్తే, జబ్బు బాధతో రాసిందంటారని. 1964 ఏప్రిల్ 14న చనిపోయింది, 56 ఏళ్లకి.

డీడీటీని అమెరికా 1972లో ఆపింది. దానివల్ల మలేరియాతో లక్షలమంది పోయారు, పాపం కార్సన్‌దే అని ఇప్పటికీ కొందరు రాస్తుంటారు. నాకు ఒళ్లు మండే మాట ఇది. ఆ నిషేధంలో ప్రజారోగ్య అవసరాలకి మినహాయింపు ఉంది, ఎగుమతీ ఆగలేదు. మన ఊళ్లలో మలేరియా వాళ్లు డీడీటీ కొట్టి గోడ మీద తేదీ రాసి వెళ్లడం ఆ తర్వాత కూడా చూసినవాళ్లమే కదా. ఆవిడ అడిగింది చూసి వాడమని, ఆకాశంలోంచి గుమ్మరించొద్దని.

పులిహోర కార్లో కూర్చునే తిన్నాం.

సోమవారం, క్లీవ్‌లాండ్

రెండు గంటల పైగా డ్రైవు. కాయహోగా నది ఊరి నడుమ మెలికలు తిరుగుతూ ఈరీ సరస్సులో కలుస్తుంది. ఒడ్డున హోటళ్లు, పడవ పోటీలకి సాధన చేస్తున్న కాలేజీ పిల్లలు. వాళ్ల పక్క నుంచే ఇనుప ఖనిజం ఓడ ఒకటి, ఆ ఇరుకులో అంత పొడుగుది, అంగుళం అంగుళం మలుపు తిరుగుతూ పోయింది. దాన్ని తమ్ముడు వీడియో తీశాడు. ఈ ప్రయాణంలో వాడికి మొదటిసారి ఉత్సాహం వచ్చింది.

1969 జూన్ 22 ఆదివారం మధ్యాహ్నం ఈ నది అంటుకుంది. నీళ్లు కావు, నీళ్ల మీది నూనె, చెత్త. రైలు వంతెనలకి మంట తగిలి 50,000 డాలర్ల నష్టం. అరగంటలోపే ఆర్పేశారు. స్థానిక పత్రికలకి అదంత పెద్ద వార్త కాలేదు. ఎందుకంటే 1868 నుంచీ పదిసార్లకి పైగానే అంటుకున్న నది అది. 1952లో అయితే నష్టం 13 లక్షల డాలర్లు దాటింది. 1969 మంటకి సరైన ఫొటో ఒక్కటి కూడా లేదు. ఆగస్టులో టైమ్ పత్రిక కథనం వేసినప్పుడు వాడింది 1952 నాటి ఫొటో! దేశమంతా చూసి నోరెళ్లబెట్టింది పదిహేడేళ్ల పాత మంటని.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన మనిషి కార్ల్ స్టోక్స్. అమెరికా పెద్ద నగరాల్లో మేయరుగా గెలిచిన మొదటి నల్లజాతీయుడు. మంట ఆరిన మర్నాడే విలేకరుల్ని వెంటేసుకుని నది పొడుగునా తిప్పాడు, ఏ గొట్టం ఎవరిదో చూపిస్తూ. ఫ్యాక్టరీలకి పర్మిట్లు ఇచ్చేది రాష్ట్రం, కంపు భరించేది మా ఊరు అన్నది ఆయన వాదన. అప్పటికే, 1968 నవంబరులో, నది బాగుచేయడానికి 10 కోట్ల డాలర్ల బాండ్లకి ఆ ఊరి జనం ఓటేశారు. మంటని చూసి ఊరు మేలుకుందని చెప్పే కథలో ఈ ముక్క ఎప్పుడూ ఎగిరిపోతుంది. ఊరు ముందే మేలుకుంది. నిద్రలేవాల్సింది వాషింగ్టన్.

అది కూడా లేచింది. ఆ ఏడు జనవరిలోనే శాంటా బార్బరా తీరాన చమురు బావి పగిలి ఒడ్డంతా నల్లబడి ఉంది. 1970 జనవరి 1న అధ్యక్షుడు నిక్సన్ పర్యావరణ విధాన చట్టం మీద సంతకం పెట్టాడు. ఏప్రిల్ 22న సెనేటర్ గేలార్డ్ నెల్సన్ పిలుపుతో మొదటి ధరిత్రీ దినం, రెండు కోట్ల మంది వచ్చారంటారు. డిసెంబరులో పర్యావరణ పరిరక్షణ సంస్థ పుట్టింది. 1972లో నీటి చట్టం. దాన్ని నిక్సన్ వీటో చేస్తే ఉభయ సభలూ తోసిపుచ్చి చట్టం చేశాయి, రెండు పార్టీల ఓట్లతో. ఇవాళ్టి అమెరికాలో ఈ మాట చెబితే పిల్లలు నమ్మరు అన్నాడు తమ్ముడు.

2019లో, అంటే యాభయ్యేళ్లకి, ఈ నది చేపలు తినొచ్చని ఒహాయో రాష్ట్రం ప్రకటించింది. ఇక్కడ "బర్నింగ్ రివర్" అని ఒక బీరు కూడా అమ్ముతారు. వాడు తెప్పించుకున్నాడు, బాగానే ఉందన్నాడు.

మంగళవారం, దారిలో

ఎక్కువ రాయడానికి లేదు. క్లీవ్‌లాండ్ దాటాక అదే నది లోయంతా ఇప్పుడు జాతీయ పార్కు. అందులో బీవర్ మార్ష్ అనే చిత్తడినేల మీద చెక్క బాట వేశారు. ఒకప్పుడు అక్కడ పాత కార్ల షెడ్డు. 1984లో సియెర్రా క్లబ్బు స్థానిక సభ్యులు తుక్కంతా ఏరారు. పార్కువాళ్లకి అక్కడ పార్కింగ్ కట్టాలని ఉండేదట. ఈలోగా బీవర్లు, కొమ్మలతో నీళ్లకి అడ్డుకట్టలు వేసే జంతువులు, వచ్చి పక్కన పాత కాలవకి అడ్డం కట్టేసి నేలంతా ముంచేశాయి. ప్లాను మారిపోయింది. ఒక పెద్ద కొంగ ఒంటికాలి మీద నిలబడి మా వంక చూడనైనా చూడలేదు.

తర్వాత ఈరీ సరస్సు పక్కనే మూడున్నర గంటలు, వానలో.

బుధవారం, నయాగరా

జలపాతం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. తడిశాం, ఫొటోలు దిగాం, అరిచి మాట్లాడుకున్నాం. రెండు సంగతులు మాత్రం చెబుతాను. ఒకటి, 1880ల దాకా ఈ ఒడ్డంతా మిల్లులు, ప్రైవేటు కంచెలు. కంచెలో కన్నంలోంచి జలపాతం చూడ్డానికి కూడా డబ్బులు గుంజేవారు. పార్కుల రూపశిల్పి ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, ఆయన స్నేహితులు ఏళ్లతరబడి పోరాడితే 1885లో న్యూయార్క్ రాష్ట్రం భూమి కొని అందరికీ ఉచితం చేసింది. అమెరికాలో అన్నిటికన్నా పాత స్టేట్ పార్కు ఇదే. రెండోది, మనం చూసే ధార మొత్తం నది కాదు. 1950 ఒప్పందం ప్రకారం టూరిస్టులున్న వేళల్లో సెకనుకి లక్ష ఘనపుటడుగులు వదులుతారు, రాత్రిళ్లు సగానికి తగ్గిస్తారు. మిగతాది కరెంటుకి.

ఆ కరెంటు దగ్గరే నా అసలు ప్రయాణం మొదలు. 1890ల్లో విలియం లవ్ అనే వ్యాపారి, నయాగరా నీళ్లని కాలవ తవ్వి మళ్లించి, కరెంటు తీసి, ఆదర్శ నగరం కడతానన్నాడు. అప్పట్లో కరెంటు దూరం పోదు కాబట్టి ఫ్యాక్టరీలు పక్కనే ఉండాలి. ఈలోగా ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటు వచ్చింది, దూరం సమస్య తీరింది, లవ్ దివాలా తీశాడు. సగం తవ్విన గొయ్యి మిగిలింది. చవక కరెంటు కోసం రసాయన ఫ్యాక్టరీలు నయాగరాకి క్యూ కట్టాయి. వాటిలో ఒకటైన హుకర్ కెమికల్ 1942 నుంచి పదేళ్లకి పైగా ఆ గోతిలో దాదాపు 21,000 టన్నుల వ్యర్థాలు పోసి, మట్టి కప్పి, 1953లో స్కూలు బోర్డుకి ఒక్క డాలరుకి రాసిచ్చింది. తర్వాత ఏం జరిగినా తమకి సంబంధం లేదన్న షరతుతో. బోర్డు అక్కడే బడి కట్టింది. చుట్టూ ఇళ్లు లేచాయి.

జలపాతం నుంచి కారులో కాసేపే. లవ్ కెనాల్‌లో ఇప్పుడు చూడ్డానికి పచ్చగడ్డి దిబ్బ, చుట్టూ ఇనుప కంచె, గడ్డిలో అక్కడక్కడా నీటి పరీక్షల గొట్టాలు. కంచెకి ఆవల వీధుల్లో తారు రోడ్డు ఉంది, ఇళ్లలోకి వెళ్లే సిమెంటు దారులూ ఉన్నాయి, ఇళ్లు లేవు. ఒక దారి చివర మెట్టు ఒక్కటి మిగిలింది. గడ్డి కోసే బండి దాన్ని తప్పించుకుని తిరిగినట్టు చుట్టూ గీత పడి ఉంది.

1976-77 చలికాలపు మంచు కరిగి భూగర్భ జలం పైకి తన్నింది. పెరళ్లలో డ్రమ్ములు తేలాయి, సెల్లారు గోడల్లోంచి నల్లటి జిడ్డు కారింది. నయాగరా గెజెట్ విలేకరి మైకేల్ బ్రౌన్ వరసగా రాశాడు. అవి చదివిన వాళ్లలో లోయిస్ గిబ్స్ ఒకతె. ఇరవై ఏడేళ్ల గృహిణి, హైస్కూలు చదువు. కొడుకు ఆ బళ్లో చేరిన కొన్నాళ్లకే మూర్ఛలు మొదలయ్యాయి. బడి మార్చమంటే అధికారులు కుదరదన్నారు. సంతకాల కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగింది.

1978 ఆగస్టు 2న రాష్ట్రం గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు మాత్రం వెళ్లిపోవాలంది. మిగతావాళ్ల ఊపిరితిత్తులు ఇనుముతో చేసినవా? 7న అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించాక కాలవని ఆనుకున్న 239 కుటుంబాలని తరలించారు. గిబ్స్ ఇల్లు ఆ తరలింపు గీతకి బయట పడింది. అప్పుడు ఆ ఆడవాళ్లు చేసిన పని చూడండి. ఫోన్లు చేసి, తలుపులు కొట్టి ఎవరికి గర్భస్రావం అయింది, ఎవరి పిల్లకి ఏ లోపం ఉంది అని రాసుకుని మ్యాపు మీద గుర్తులు పెట్టారు. గుర్తులు వంకర గీతల్లా వచ్చాయి. ఊళ్లో పాతకాపుల్ని అడిగితే, అవి పూర్వం వాననీరు పారిన వాగుల దారులన్నారు. వాటిని పూడ్చి ఇళ్లు కట్టారు, విషం వాటి వెంటే నడిచింది. బెవర్లీ పైజెన్ అనే శాస్త్రవేత్త ఆ లెక్కలు సరిచూసి పట్టుకెళ్తే, ఆరోగ్యశాఖ వాళ్లు ఇల్లాళ్లు పోగేసినవని కొట్టిపారేశారు.

1980 మే 19న సహనం చచ్చి, మాట్లాడ్డానికి వచ్చిన ఇద్దరు కేంద్ర అధికారుల్ని ఆఫీసులో బంధించారు. ఓట్‌మీల్ బిస్కెట్లు పెట్టి మరీ! కొన్ని గంటల తర్వాత వదిలేసి, బుధవారం మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి తేల్చమన్నారు. ఆ బుధవారమే కార్టర్ మిగతా కుటుంబాల తరలింపుకి ఒప్పుకున్నాడు. డిసెంబరు 11న సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. విషం పోసినవాడే ఖర్చు పెట్టుకోవాలన్నది దాని సూత్రం.

ఈ కథలోనూ ఎగిరిపోయే ముక్క ఒకటుంది. కాలవకి పడమటి వైపు గ్రిఫన్ మేనర్ అని సర్కారీ అద్దె ఇళ్లు, ఎక్కువమంది నల్లజాతి కుటుంబాలు. సొంత ఇల్లు లేదు కాబట్టి కొనాల్సిందీ లేదు, టీవీవాళ్లు వాళ్ల గుమ్మం దగ్గర పెద్దగా ఆగలేదు. 1982లో నార్త్ కరోలినా వారెన్ కౌంటీలో విషపు మట్టి లారీల ముందు జనం పడుకుని 500 మందికి పైగా అరెస్టయ్యాక గాని, చెత్త ఎప్పుడూ ఎవరి వాకిట్లో పడుతుందన్న ప్రశ్న దేశం చెవిన పడలేదు.

రాత్రి బఫెలోలో హోటల్. మన భోపాల్ వల్ల ఇక్కడొక చట్టం వచ్చిందని తమ్ముడికి చెప్పాను. 1984 డిసెంబరులో అక్కడ, 1985 ఆగస్టులో అదే కంపెనీ వెస్ట్ వర్జీనియా ప్లాంటులో గ్యాసు లీకయ్యాక 1986లో చేశారు. ఏ ఫ్యాక్టరీ ఏ రసాయనం ఎంత వదిలిందో ఏటా బయటపెట్టాలి, ఎవరైనా చూసుకోవచ్చు. వాడు వెంటనే ల్యాప్‌టాప్ తీశాడు. పిట్స్‌బర్గ్ శివార్లలో ఇల్లు కొనబోతున్నారు, అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. జిప్ కోడ్ కొట్టాడు. లిస్టు వచ్చింది. చదువుతూ చదువుతూ లోహాలకి పూత వేసే ఒక ప్లేటింగ్ ఫ్యాక్టరీ పేరు దగ్గర ఆగి, మ్యాపులో దూరం కొలిచి, మరదలికి ఫోను చేసి స్పీకర్‌లో పెట్టాడు. ఆమె అంతా విని నాతో అంది:

"వదినా, ఆ లిస్టు ప్రింటు తీసి ఏజెంటుకి చూపించి, రేటు తగ్గించమని అడగమనండి ఆయన్ని."